చాయ్ నుంచి కిరాణా దాకా క్రెడిట్ కార్డే.. 'మినిమమ్ డ్యూ' కడితే సరిపోతుందా? అసలు లెక్క ఇదీ!

చాయ్ బండి దగ్గర రూ.15, కూరగాయలకు రూ.180, బంకులో పెట్రోల్‌కు రూ.500.. ఫోన్‌తో స్కాన్ చేసి పిన్ కొడితే పనైపోతుంది. అయితే ఆ డబ్బు ప్రతిసారీ బ్యాంకు ఖాతా నుంచే పోవడం లేదు. రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి లింక్ చేసుకునేందుకు 2022లో ఆర్బీఐ ఓకే చెప్పాక, చిల్లర ఖర్చులు కూడా అప్పు ఖాతాలో చేరిపోతున్నాయి. 2024 ఫిబ్రవరి నాటికే దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య 10 కోట్లు దాటేసింది.

రోజువారీ ఖర్చుకు కార్డు వాడటం తప్పేం కాదు. గడువులోగా బిల్లు మొత్తం కట్టేస్తే ఆ ఖర్చులపై వడ్డీ ఉండదు. చిక్కంతా బిల్లులో కాస్త ఊరటనిచ్చేలా కనిపించే ఆ చిన్న అంకెతోనే. అదే 'మినిమమ్ అమౌంట్ డ్యూ'.

ఉదాహరణకు ఓ ఉద్యోగికి రూ.20 వేల బిల్లు వచ్చిందనుకుందాం. మినిమమ్ 5 శాతం, అంటే రూ.1,000 కట్టి ఊపిరి పీల్చుకున్నాడు. మిగిలిన రూ.19 వేలపై నెలకు 3.5 శాతం చొప్పున రూ.665 వడ్డీ. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.120. మొత్తం రూ.785. వచ్చే నెల మళ్లీ వెయ్యి కడితే అసలులో తగ్గేది రూ.215 మాత్రమే! ఊళ్లో వందకు మూడు రూపాయల వడ్డీ అంటే 'అమ్మో' అనేవాళ్లు కూడా, కార్డుపై మూడున్నర రూపాయల వడ్డీని చప్పుడు లేకుండా కట్టేస్తున్నారు. ఏడాదికి లెక్కేస్తే అది 42 శాతం.

ఇంకో దెబ్బ కూడా ఉంది. పాత బాకీ మిగిలి ఉంటే కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. అంటే ఈ రోజు కొన్న పాల ప్యాకెట్‌కూ ఈ రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. ఇక ఏటీఎంలో కార్డుతో క్యాష్ తీస్తే సరేసరి.. మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు.

'50 రోజుల వరకు వడ్డీ లేదు' అన్న మాటలోనూ మెలిక ఉంది. 10న బిల్లు తయారై, 30న గడువు ఉన్న కార్డుతో 11న కొంటే దాదాపు 50 రోజులు దొరుకుతాయి. అదే వస్తువు 9న కొంటే 21 రోజులే. పెద్ద ఖర్చులుంటే ఈ తేదీ చూసుకోవడం మంచిది.

మరి వడ్డీకి పరిమితి లేదా? 30 శాతానికి మించి వసూలు చేయడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దీంతో రేటు విషయంలో కోర్టులు ఆదుకుంటాయన్న ఆశ దాదాపు పోయినట్టే.

ఆర్బీఐ నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులు మించితేనే లేట్ ఫీజు వేయాలి. ఇది ఫీజుకే, వడ్డీకి కాదు. గడువు మర్చిపోతామన్న భయంతో ఆటో పే పెట్టుకున్నవాళ్లు ఓసారి యాప్ తెరిచి చూసుకోవాలి. అక్కడ 'టోటల్ డ్యూ' సెలెక్ట్ అయి ఉందా.. 'మినిమమ్ డ్యూ'నా?