తుంగను జయించు తెరువు
1977లో ప్రపంచపు కలుపుమొక్కలను పరిశీలించిన లీరాయ్ హోల్మ్ మున్నగు శాస్త్రజ్ఞులు దుష్టత్వమున అగ్రస్థానమొసగిన తుంగ, చూపునకు గడ్డివలె నున్నను గడ్డి కాదు. కాండమును వ్రేళ్లనడుమ నులిమినచో మూడు పలకలును స్పష్టముగా తగులును. పైమొక్కను పెరికినంతమాత్రమున అది చావదు; భూగర్భమున సన్నని వేరుతీగలపై వరుసగా కూర్చినట్లున్న నల్లని గడ్డలలో, కొనగడ్డ పెత్తనము సాగినంతకాలము తక్కినవి నిద్రించుచుండి, తీగ తెగినంతనే మేల్కొని మొలకెత్తును. కావుననే అరకొర దుక్కి దానిని అణచుటకు మారుగా వ్యాపింపజేయును. ఎంతటి జీవనశక్తి! సుగంధభరితములైన ఆ గడ్డలనే తుంగముస్తలని మన వైద్యులు జ్వరాతిసారములకు అనాదిగా వాడుచున్నారు. కలుపుమందునకు చేయి చాచుటకు ముందు, నడివేసవిలో లోతుగా దున్ని, గడ్డలను ఎండకు మాడ్చి, పిమ్మట దట్టమైన పైరునీడతో నేలను కప్పుడని రైతుసోదరులను వేడుచున్నాను. తుంగ నీడను సహింపజాలదు.