శబ్దం ఆగితే రిపేరు అయిపోయినట్టేనా?

మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచీల్లో బీటెక్, డిప్లొమా, ఐటీఐ చేసి ఉద్యోగాల వేటలో ఉన్న మిత్రులకు ఒక చిన్న ప్రశ్న. ఒక కారు వచ్చింది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ముందు టైరు లోపలివైపు సస్పెన్షన్‌కు రాసుకుంటోంది. గరగరమని శబ్దం. మీరేం చేస్తారు?

చాలామంది నోటికి టక్కున వచ్చే జవాబు ఒకటే: 'వీల్ స్పేసర్ వేస్తే పోతుంది.' నిజమే, శబ్దం పోతుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండు మూడు రోజుల్లో ఇంటికొస్తుంది. పంక్చర్ షాపులో అయినా పది నిమిషాల్లో బిగిస్తారు. మరి అంత సులువైన పనికి ఇంజినీరు ఎందుకు? ఇంటర్వ్యూలో అవతలి మనిషి మీ దగ్గర వెతికేది సరిగ్గా ఇదే. విడిభాగం పేరు చెప్పే ముందు మీరు ఏం అడుగుతారు, ఏం చూస్తారు అన్నది.

స్పేసర్ చేసే పని ఇంతే

హబ్‌కూ, వీల్ డిస్క్‌కూ మధ్య పెట్టే గుండ్రటి లోహపు బిళ్ల వీల్ స్పేసర్. 5 మిల్లీమీటర్ల మందం ఉంటే చక్రం 5 మి.మీ. బయటికి జరుగుతుంది. లోపల స్ట్రట్‌కూ టైరుకూ మధ్య గ్యాప్ 5 మి.మీ. పెరుగుతుంది. రెండువైపులా వేస్తే ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 10 మి.మీ. పెరుగుతుంది. అంతకుమించి అందులో మాయేమీ లేదు.

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి పుస్తకం చూడకుండానే అర్థమవుతుంది. నిజాంసాగర్ ఆయకట్టులో వరి సాగు ఎక్కువ, ట్రాక్టర్లూ ఎక్కువే. చాలా ట్రాక్టర్ల వెనక చక్రాల్లో డిస్క్ పళ్లెంలా ఒకవైపు గుంతగా ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే చక్రాల మధ్య వెడల్పు మారుతుంది. సాళ్ల దూరాన్ని బట్టి, చేసే పనిని బట్టి వెడల్పు పెంచుకుంటారు, తగ్గించుకుంటారు. కారు రిమ్ముల భాషలో దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. రిమ్ వెడల్పులో సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్‌కు ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత అది. అల్లాయ్ వీల్ మీద 'ఈటీ' అని ముద్రించి, పక్కన ఒక అంకె ఉంటుంది చూడండి. అదే ఇది.

అయితే ట్రాక్టర్‌కూ కారుకూ ఒక పెద్ద తేడా ఉంది. ట్రాక్టర్ చక్రాన్ని ఏయే స్థానాల్లో బిగించవచ్చో తయారుచేసిన కంపెనీయే లెక్కగట్టి మాన్యువల్‌లో రాస్తుంది. ఆ మార్పు డిజైన్‌లో భాగం. కారు హబ్‌నూ, బేరింగ్‌నూ, స్టడ్‌ల పొడవునూ మాత్రం ఒకే స్థానం కోసం లెక్కగట్టారు. మధ్యలో బిళ్ల పెట్టినప్పుడు ఆ లెక్కంతా మళ్లీ చేయాల్సిన బాధ్యత పెట్టినవాళ్లదే.

గ్యాప్ ఎందుకు తగ్గింది?

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఆ టైరు రాసుకోలేదు. మధ్యలో ఏదో మారింది. అదేంటో పట్టుకోవడమే అసలు పని.

మనవైపు ఎక్కువగా కనిపించే కారణం టైరు సైజు మార్చడం. 185/65 ఆర్15 ఉన్నచోట 205/65 ఆర్15 వేశారనుకుందాం. వెడల్పు 20 మి.మీ. పెరిగింది. రిమ్ అదే అయితే అందులో 10 మి.మీ. లోపలికి, 10 మి.మీ. బయటికి వెళ్తుంది. ఇక్కడితో ఆగితే 10 మి.మీ. స్పేసర్ చాలనిపిస్తుంది. కానీ 65 అనేది టైరు గోడ ఎత్తు, వెడల్పులో శాతంగా చెప్పే అంకె. అంటే గోడ ఎత్తు 120.25 నుంచి 133.25 మి.మీ.కు చేరింది. టైరు 13 మి.మీ. పైకి కూడా పెరిగింది. స్ట్రట్ మీద స్ప్రింగ్ కూర్చునే గిన్నె టైరు పైభాగానికి దగ్గర్లో ఉండే కార్లలో ఆ 13 మి.మీ.లే తగులుతాయి. స్పేసర్ చక్రాన్ని పక్కకు జరపగలదు కానీ టైరు ఎత్తు తగ్గించలేదు. పైగా మొత్తం టైరు వ్యాసం 621.5 నుంచి 647.5 మి.మీ.కు పెరగడంతో స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి నిజానికి 104 దగ్గర పోతుంటుంది.

రెండో కారణం రిమ్. 6 అంగుళాల రిమ్ తీసి, అదే ఆఫ్‌సెట్ ఉన్న 7 అంగుళాల రిమ్ వేస్తే లోపలి అంచు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. లోపలికి జరుగుతుంది. ఇక్కడ సరైన మందు తగిన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్. స్పేసర్ దాని తర్వాతి మాట.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. టైరు మార్చలేదు, రిమ్ మార్చలేదు, అయినా రాసుకోవడం మొదలైంది. అంటే లోపల ఏదో వంగింది, అరిగింది లేదా విరిగింది. గుంతలో పడ్డప్పుడు స్ట్రట్ వంగి ఉండొచ్చు. లోయర్ ఆర్మ్ బుష్షులు అరిగి ఉండొచ్చు. స్ప్రింగ్ ఒక చుట్టు విరిగి ఉండొచ్చు. అలాంటి బండికి స్పేసర్ వేయడమంటే ప్రమాద సూచన ఇస్తున్న శబ్దం నోరు నొక్కడమే. యజమాని 'బాగైంది' అనుకుని కుటుంబాన్ని ఎక్కించుకుని హైదరాబాద్ బయల్దేరుతాడు. వంగిన భాగం వంగినట్టే ఉంటుంది.

ముందు అడగాల్సినవి

అందుకే ఆ ప్రశ్నకు మంచి జవాబు ఎదురు ప్రశ్నతో మొదలవుతుంది. ఒకవైపే రాసుకుంటోందా, రెండువైపులానా? ఒకవైపే అయితే దెబ్బతిన్న భాగంపై అనుమానం పెరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడా, నేరుగా వెళ్తున్నప్పుడు కూడానా? బండిలో ఐదుగురు ఎక్కితేనే వస్తోందా? అలాగైతే స్ప్రింగ్‌లు, షాక్ అబ్జార్బర్లు చూడాలి. ఈ మధ్య టైర్లు, రిమ్‌లు మార్చారా? ఎక్కడైనా గట్టిగా తగిలిందా?

తర్వాత కళ్లతో చూడాలి. టైరు లోపలి గోడ మీద రాసుకున్న చోట నల్లగా మెరిసే గీత ఉంటుంది. అది కనిపించకపోతే అక్కడ సుద్దముక్క రుద్ది, ఖాళీ స్థలంలో నెమ్మదిగా బండిని అటూ ఇటూ తిప్పి చూడండి. సుద్ద ఎక్కడ అంటితే అక్కడే తగులుతోంది. అది స్ట్రట్టా, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనరా, యాంటీ రోల్ బారా? ఒక్కోదానికి మందు వేరు. లైనర్ క్లిప్పు ఊడి టైరుకు తగులుతుంటే స్పేసర్ ఎందుకు? క్లిప్పు పెడితే పని అయిపోతుంది. రూపాయి సుద్దముక్క ఒక్కోసారి వేల రూపాయల సామాను కొనాల్సిన పని తప్పిస్తుంది.

నట్టు ఎన్ని చుట్లు పట్టింది?

ఇవన్నీ చూశాక కూడా స్పేసరే సరైన దారి అని తేలొచ్చు. స్పేసర్ అనగానే తప్పని కాదు. పోర్షే సంస్థ కొన్ని 911 మోడళ్లకు 5 మి.మీ. స్పేసర్లను, వాటికి తగ్గ పొడవు బోల్టులతో తానే అందించింది. ఆ రెండో మాటలోనే కీలకం ఉంది: తగ్గ పొడవు బోల్టులు.

చాలా కార్ల వీల్ స్టడ్ 12 మి.మీ. లావుంటుంది. మర పిచ్ 1.5 మి.మీ. అనుకుంటే నట్టు ఒక చుట్టు తిరిగితే 1.5 మి.మీ. లోపలికి పోతుంది. నట్టు కనీసం స్టడ్ లావంత పొడవు పట్టుకోవాలన్నది వర్క్‌షాప్‌లో పాటించే మోటు లెక్క. అంటే 12 మి.మీ., 8 చుట్లు. పాత స్టడ్‌ల మీదే 5 మి.మీ. బిళ్ల పెడితే మూడు చుట్లకు పైగా పోతాయి. 10 చుట్లు పట్టేచోట ఏడు కూడా పట్టవు. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ వదులవడానికి దారి తెరుచుకుంటుంది.

ఇంకో విషయం. చక్రాన్ని కదలకుండా పట్టుకునేది ముఖ్యంగా స్టడ్‌లు అడ్డంగా మోసే బలం కాదు. నట్లు బిగించినప్పుడు హబ్ ముఖానికీ డిస్క్ ముఖానికీ మధ్య పుట్టే ఘర్షణ. స్పేసర్ వస్తే ఒక జోడు ముఖాలు రెండు జోళ్లవుతాయి. వాటి మధ్య తుప్పు, దుమ్ము, పెయింట్ ఉంటే కొన్ని రోజులకు అవి నలిగి బిగువు తగ్గుతుంది. అందుకే ముఖాలు శుభ్రం చేయాలి, మాన్యువల్ చెప్పిన అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించాలి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ సరిచూడాలి. వీల్ పానా మీద కాలేసి తొక్కడం కొలత కాదు. స్పేసర్ మధ్య రంధ్రం హబ్‌కు కచ్చితంగా సరిపోవాలి, లేదంటే చక్రం కేంద్రం తప్పి వణుకుతుంది.

బేరింగ్ సంగతీ చూడండి. ఒక చక్రం మీద 300 కిలోల బరువుందనుకుందాం. 25 మి.మీ. స్పేసర్ వేస్తే బండి నిలబడి ఉన్నప్పుడే బేరింగ్ మీద సుమారు 73 న్యూటన్ మీటర్ల అదనపు వంపు భారం పడుతుంది. 5 మి.మీ. అయితే 15 లోపే. గుంతలో పడ్డప్పుడు, మలుపుల్లో ఇది ఇంకా పెరుగుతుంది. చక్రం బయటికి జరగడంతో స్టీరింగ్ అక్షానికీ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం కూడా మారుతుంది. బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ లాగడం, చేతికి కుదుపులు తెలియడం దానివల్లే.

'ఇంత చిన్న విషయానికి ఇంత లెక్కా?' అనుకోకండి. 2022 జూన్‌లో టయోటా తన కొత్త ఎలక్ట్రిక్ కారు బీజెడ్4ఎక్స్‌ను సుమారు 2,700 బండ్ల మేర వెనక్కి పిలిచింది. హబ్ బోల్టులు వదులై చక్రం ఊడిపోయే ప్రమాదం ఉందన్నదే కారణం. పరిష్కారం ప్రకటించడానికి అక్టోబరు దాకా పట్టింది. అంత పెద్ద కంపెనీకే నెలలు పట్టిన జాయింట్‌ను మనం పది నిమిషాల్లో మార్చేస్తున్నామన్న స్పృహ ఉంటే చాలు.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం సెక్షన్ 182ఏ చేర్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అందులో ఉంది. ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేసిన మార్పును చూపి బీమా కంపెనీ క్లెయిమ్‌పై అభ్యంతరం పెట్టే అవకాశమూ ఉంది. జర్మనీలో స్పేసర్లు వాడొచ్చు, కానీ ఆ భాగానికి పరీక్షా పత్రం ఉండాలి. చాలా సందర్భాల్లో బిగించాక అధీకృత సంస్థ తనిఖీ చేసి ఆమోదించాలి. వాడొచ్చా వద్దా అనే వాదనకు అక్కడ కొలతే సమాధానం.

మీ ఉద్యోగానికి దీంతో ఏం పని?

చాలా ఉంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. హైదరాబాద్‌లో జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్, పెనుకొండ దగ్గర కియా ప్లాంటు ఉన్నాయి. ఇవికాక ప్రతి పట్టణంలో సర్వీస్ సెంటర్లున్నాయి. డిజైన్, టెస్టింగ్, క్వాలిటీ, సర్వీస్, వారంటీ విభాగం ఏదైనా రోజూ ఎదురయ్యే పని ఒకటే: లక్షణం ఇదీ, కారణం ఏది? సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకూ అంతే. ఎర్రర్ మెసేజ్ కనపడకుండా దాచేసి బగ్ పోయిందనుకునేవాళ్లను ఏ టీమూ ఎక్కువ రోజులు నమ్మదు.

ఫీజు కట్టే కోర్సు లేకుండానే ఈ అలవాటు నేర్చుకోవచ్చు. ఈ వారం మీ ఊళ్లో టైర్ల షాపుకో, ట్రాక్టర్ షెడ్డుకో వెళ్లండి. అన్నా అని పలకరించి, పని అడ్డం రాకుండా ఒక గంట నిలబడండి. ఐదు బండ్ల టైరు సైజులు రాసుకోండి. వ్యాసం మీరే లెక్కగట్టండి. ఒక రిమ్ ఆఫ్‌సెట్ కొలవండి. ఒక నట్టు ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టండి. కాలేజీలో బాహా పోటీకి బండి తయారుచేస్తున్న టీమ్ ఉంటే అందులో చక్రం, సస్పెన్షన్ పని అడిగి తీసుకోండి. రెజ్యూమెలో 'ప్రాబ్లం సాల్వింగ్ స్కిల్స్' అని రాసే బదులు, ఒక బండి, ఒక సమస్య, మీరు తీసిన కొలతలు, తేలిన కారణం అని నాలుగు లైన్లు రాయండి. ఇంటర్వ్యూలో మాట అక్కడి నుంచే మొదలవుతుంది. దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది, ఎందుకంటే చూసింది మీరే.

ఇక మొదటి ప్రశ్నకొస్తే, టైరు రాసుకుంటోంది, ఏం చేస్తారు అని ఎవరైనా అడిగితే తొందరపడకండి. 'ఎప్పటి నుంచి సార్? ఒకవైపేనా?' అని అడగండి. సుద్దముక్క తీసుకుని బండి కిందికి వంగండి. స్పేసర్ కావాలో వద్దో ఆ తర్వాత చెప్పొచ్చు.