డిపాజిట్టుకీ టైమౌట్ ఉంది

ట్రాయ్‌లో నేను ఖాళీ చేసిన మొదటి అపార్ట్‌మెంటు డిపాజిట్టులో ఒక్క డాలరు కూడా తిరిగి రాలేదు. ప్రాజెక్టు అయిపోగానే సామాను కారులో వేసుకుని ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోయాను. కార్పెట్ మరకల లెక్క పాత చిరునామాకే వెళ్ళిందట. తప్పంతా యజమానిదేనని చాలాకాలం తిట్టుకున్నాను. చట్టం చదివాక సగం నాదేనని తేలింది.

మిషిగన్‌లో దీనికి 1972 నాటి 348వ చట్టం ఉంది. మన భాషలో చెప్పాలంటే అదొక ప్రోటోకాల్, ప్రతి మెసేజికీ ఒక టైమౌట్. డిపాజిట్టు నెలన్నర అద్దెకి మించకూడదు. చేరిన 7 రోజుల్లో ఇంటి స్థితి చెక్‌లిస్టు నింపి ఇవ్వాలి. ఖాళీ చేసిన 4 రోజుల్లో కొత్త చిరునామా రాతలో తెలపాలి. తెలపకపోతే డబ్బు మీద హక్కు పోదు గానీ, నష్టాల జాబితా పంపే బాధ్యత యజమానికి తప్పిపోతుంది. తెలిపితే, ఆయన 30 రోజుల్లో ఆ జాబితా, మిగిలిన సొమ్ము పంపాలి. ఒప్పుకోకపోతే అందిన 7 రోజుల్లో మనం పోస్టులో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ నష్టాల సొమ్ము వదులుకున్నట్టే. ఇస్తే, ఖాళీ చేసిన 45 రోజుల్లోగా కోర్టుకి వెళ్ళాల్సింది యజమానే. వెళ్ళకుండా డబ్బు అట్టేపెట్టుకుంటే రెట్టింపు కట్టాల్సి రావచ్చు.

అద్దె బాకీ సంగతి వేరు. పట్టుకున్నది కేవలం మనం ఉన్న కాలపు అద్దెకే అయితే, ఆయన దావా వెయ్యనక్కరలేదు. "ఆఖరి నెల అద్దె డిపాజిట్టులో కోసుకోండి" అని మనంతట మనమే నిర్ణయిస్తే అది బాకీయే, 7 రోజుల నోటీసు రావచ్చు.

ఇప్పుడు మనవాళ్ళలోనే ఇల్లు కొని మనవాళ్ళకే అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. అక్కడ "మనవాడే కదా, కాగితాలెందుకు" అంటాం. నా అభిప్రాయంలో కాగితాలు ముఖ్యంగా కావలసింది అక్కడే. రాసుకుంటే స్నేహం పోదు. రాసుకోకపోతేనే పండగలకి ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి వస్తుంది.

అప్పటికీ తేలకపోతే ట్రాయ్‌లోనే 52వ జిల్లా కోర్టు 4వ డివిజన్ ఉంది. చిన్న దావాల విభాగంలో 2024 నుంచి 7,000 డాలర్ల దాకా అడగొచ్చు. అక్కడ లాయర్లు వాదించరు. కాబట్టి మన ఫొటోలు, చెక్‌లిస్టు, ఉత్తరాల నకళ్ళే మన లాయర్లు.

ఈ నెలాఖరుకి ఇల్లు మారేవాళ్ళు సామాను సర్దేముందు కొత్త చిరునామా ఉత్తరం పోస్టు చెయ్యండి.