బొగ్గు తీసినాక బొంద పూడ్చేదెవరు?

గనుల మూసివేత ధరావతుపై గ్రామాలు లెక్క అడగాలి

(మా బెల్లంపల్లి విలేఖరి)

బెల్లంపల్లి: బొగ్గు ఉన్నన్నాళ్లు బాయి చుట్టూ బజారు, బడి, దవాఖాన అన్నీ కళకళలాడతాయి. బొగ్గు అయిపోయాక మిగిలేవి నెర్రెలిచ్చిన నేల, మట్టి దిబ్బలు, నీళ్లు నిండిన బొందలు. 1920 దశకం చివరి నుంచి బొగ్గు తవ్విన బెల్లంపల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పాత భూగర్భ గనులు ఒకటొకటిగా మూతపడగా పనులు గోలేటి వైపు, ఓపెన్‌కాస్టుల వైపు తరలిపోయిన విషయం విదితమే.

అయితే గని మూసేనాడు బొంద పూడ్చడానికి, బాయి నోరు కట్టడానికి, చెట్లు పెంచడానికి సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సొమ్ము ముందుగానే పక్కన పెట్టాలనే నిబంధన ఒకటి ఉన్నది. అది గ్రామాల్లో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

ధరావతు ఎందుకు?

రోడ్డు పని పట్టిన కాంట్రాక్టరు ముందుగా ధరావతు కట్టనిదే పని ఇవ్వరు. పని మధ్యలో వదిలి పోతే ఆ సొమ్ము జప్తు అవుతుంది. గనికైనా, చమురు బావికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. లాభం ముందు వస్తుంది, బాగుచేసే ఖర్చు చివరన వస్తుంది. ఆ చివరి రోజున చేతిలో సరుకూ ఉండదు, రాబడీ ఉండదు. ఏరు దాటినాక తెప్ప తగలేసే బుద్ధి పుట్టకుండా ఉండేందుకే రాబడి ఉన్న రోజుల్లోనే కొంత సొమ్ము కట్టించుకోవడం.

చమురు, సహజవాయువు సంస్థల కోసం కేంద్రం 1999లో స్థల పునరుద్ధరణ నిధి పథకాన్ని తెచ్చింది. సంస్థ ఈ నిధిలో వేసే సొమ్ముకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చారు. కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావి పేలి రెండు నెలలకు పైగా మండిన ఉదంతం తెలుగువారు మరచిపోలేదు. నడిచే బావే అంత ప్రమాదకరమైతే, అడిగే దిక్కులేక వదిలేసిన బావి సంగతి చెప్పనక్కరలేదు.

బొగ్గు గనులకు ఎంత?

కేంద్ర బొగ్గు శాఖ 2009 ఆగస్టులో గనుల మూసివేత మార్గదర్శకాలు జారీచేసింది. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకు 1 లక్ష రూపాయలు మూసివేత ఖర్చుగా లెక్కగట్టారు. ఈ మార్గదర్శకాలను 2013లో సవరించారు. 2020లో మూల రేట్లను 9 లక్షలకు, లక్షన్నరకు పెంచారు. ధరల సూచీని బట్టి ఈ రేట్లు మారుతుంటాయి. 2025 జనవరిలో నిబంధనలను మరోసారి సవరించారు.

2020 నాటి మూల రేటుతో ఒక లెక్క చూద్దాం. 500 హెక్టార్ల ఓపెన్‌కాస్టుకు 45 కోట్లు. గని ఆయుష్షు 25 ఏళ్లయితే మొదటి సంవత్సరం కట్టవలసింది 1 కోటి 80 లక్షలు. ఆ తరువాత ఏటా 5 శాతం చొప్పున పెంచి కట్టాలి. అదే విస్తీర్ణంలో భూగర్భ గని అయితే మొత్తం ఏడున్నర కోట్లే.

ఈ సొమ్ము కంపెనీ జేబులో ఉండరాదు. బ్యాంకులో ఎస్క్రో ఖాతా తెరిచి అందులో వేయాలి. బొగ్గు కంట్రోలర్ అనుమతి లేనిదే పైసా తీయడానికి వీల్లేదు. 2009, 2013 మార్గదర్శకాల ప్రకారం ఐదేళ్లకోసారి జరిగిన పనిని పరిశీలించి, వడ్డీతో కలిపి 80 శాతం వరకు కంపెనీకి తిరిగి ఇవ్వవచ్చు. మిగిలింది చివరి మూసివేత సక్రమంగా జరిగినట్లు ధ్రువపడినాకే.

లొసుగులు లేకపోలేదు

మొదటిది పాత గనుల సమస్య. 2009కి ముందే మూతపడిన బాయిల పేరిట ఎస్క్రోలో సొమ్ము లేదు. వీటికోసం కేంద్రం 2022లో వేరుగా మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. బెల్లంపల్లి వంటి పాత బొగ్గు పట్టణాలకు ఇదే అసలు చిక్కు.

రెండవది, 2020 నాటి హెక్టారు లెక్క ఒకే రకం గనులన్నింటికీ ఒకటే. లోతు ఎక్కువైనా తక్కువైనా రేటు మారదు. ఒకసారి నిర్ణయించిన మొత్తాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో అమెరికాను చూస్తే తెలుస్తుంది. అక్కడ ప్రభుత్వ భూముల్లో చమురు లీజుకు 10 వేల డాలర్ల పూచీకత్తును 1960 ప్రాంతంలో నిర్ణయించి, 2024 దాకా పెంచలేదు. ఆ ఏడాది ఒక్కసారిగా లక్షా 50 వేల డాలర్లు చేయవలసి వచ్చింది.

మూడవది ప్రైవేటు గనులు. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నందున అది రాత్రికి రాత్రి జాడలేకుండా పోయే కంపెనీ కాదు. కాని వాణిజ్య తవ్వకం కోసం ప్రైవేటు సంస్థలకు బొగ్గు బ్లాకుల వేలం 2020లో మొదలైంది. మన ప్రాంతంలోని శ్రావణపల్లి, కల్యాణఖని-6తో సహా నాలుగు బ్లాకులను వేలానికి పెట్టడాన్ని నిరసిస్తూ 2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. కార్మికులు ఉద్యోగాల కోసం పోరాడారు. గ్రామాలు ధరావతు గురించి కూడా అడగవలసి ఉన్నది. వచ్చిన సంస్థ దివాలా తీస్తే రైతుకు మిగిలే ఆధారం ఆ సొమ్ము ఒక్కటే.

రెండు నిధులను కలపరాదు

జిల్లా ఖనిజ నిధి వేరు, మూసివేత ధరావతు వేరు. 2015 చట్ట సవరణతో వచ్చిన ఖనిజ నిధి తాగునీరు, వైద్యం, విద్య వంటి అవసరాలకు ఉద్దేశించినది. ఊళ్లో సిమెంటు రోడ్డు పోసి, బొంద సంగతి తీరిపోయిందని ఎవరైనా అంటే గ్రామస్థులు ఒప్పుకోరాదు. అలాగే ఇళ్ల గోడలు పగిలినా, బోర్లు ఎండినా ఇవ్వవలసిన పరిహారం కూడా ఈ ధరావతులోకి రాదు.

ఏమి అడగాలి?

కొత్త గనికి, కొన్ని విస్తరణలకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో చూడవచ్చు. సభనాడు ఉద్యోగాలు, పరిహారంతో పాటు మూసివేత ఖర్చు ఎంత చూపారో అడిగి, రాతలో పెట్టించాలి.

నడుస్తున్న గనుల గురించి సమాచార హక్కు చట్టం కింద నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు. మా ఊరి గని పేరిట ఎస్క్రోలో ఎంత ఉన్నది? ఇంతవరకు ఎంత వెనక్కు తీశారు? ఏ పనికి? ఆ పని జరిగిందని ఎవరు ధ్రువపరచారు?

జవాబు కాగితం చేతికి వచ్చాక గ్రామసభలో చదివి, ఆ పని నేల మీద ఉన్నదో లేదో నలుగురూ పోయి చూసి రావాలి. గని మూయబోయే ఐదేళ్ల ముందు తుది మూసివేత పథకం పెట్టాలన్నది 2009 మార్గదర్శకాల నిబంధన. కనుక అడగవలసిన సమయం బాయి నడుస్తున్నప్పుడే గాని, తాళం పడినాక కాదు. అధికారులు సైతం ఈ లెక్కలను ఏటా తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డుపై పెట్టించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.