అంకెలు అబద్ధమాడితే

మార్కాపురం పలకల ఊరు. పలక మీద తప్పు పడితే పలకను తిట్టి లాభం లేదు. రాసిన చేతిని చూడాలి.

మా వీధిలో ఒక ఇల్లాలు నాటుకోడి గుడ్లను మిషనులో పొదగేశారు. పెట్టె మీద ఎర్రటి అంకెలు 37.5 డిగ్రీలంటూ దీక్షగా వెలిగాయి. 21 రోజులు దాటినా ఒక్క పిల్లా రాలేదు. ‘‘అంకెలు కూడా అబద్ధమాడతాయా మాస్టారూ?’’ అన్నారు. వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి అడగవలసిన ప్రశ్నే!

అబద్ధం కాదు, అరకొర నిజం. అంకె చెప్పేది పెట్టె సంగతి కాదు. తీగ కొసనున్న సెన్సారు తాకిన చోటి సంగతి. అది బల్బు పక్కన వేలాడితే బల్బు వేడి చెబుతుంది. పాపం, గుడ్లు చల్లబడుతుంటాయి. సెన్సారు గుడ్ల ఎత్తులో, బల్బుకు దూరంగా ఉండాలి. గాలి తిప్పే ఫ్యాను ఆడుతూండాలి.

అప్పటికీ అనుమానమా? జ్వరం చూసే థర్మామీటరునూ, తడికి చెడని సెన్సారునూ గోరువెచ్చని నీళ్లలో పక్కపక్కన ఉంచండి. తేడా ఎప్పుడూ ఒక్కటే అయితే, దాన్ని సరిదిద్దే ఏర్పాటు చాలా కంట్రోలర్లలో ఉంటుంది. అంకె ఎగిరెగిరి పడుతుంటే మాత్రం తీగ అతుకు చూడండి.

రెండు డిగ్రీలు మనకు లెక్క కాదు. గుడ్డులోని ప్రాణానికి అదే బతుకు, అదే చావు.