కొలత మార్చారా? తిరిగి పెట్టండి!

ఫొటోషాప్‌లో వందల ఫొటోలను ఒకే సైజుకు తేవాలంటే జావాస్క్రిప్ట్‌లో రాసిన చిన్న స్క్రిప్టు చాలు. ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్, ఆ తర్వాత బ్రౌజ్ నొక్కి దాన్ని ఎంచుకోవడమే. అయితే ఇక్కడో చిక్కుంది. స్క్రిప్టులో ఉత్త అంకె ఇస్తే అది పిక్సెళ్లా, సెంటీమీటర్లా అన్నది ప్రిఫరెన్సెస్‌లోని ‘రూలర్ యూనిట్స్’ని బట్టి ఉంటుంది. అందుకే చాలామంది స్క్రిప్టు మొదట్లోనే వాటిని పిక్సెళ్లకు మార్చేస్తారు. మళ్లీ వెనక్కి మార్చడం మరిచిపోతారు!

స్క్రిప్టు ముగిసినా ఆ మార్పు అలాగే ఉంటుంది. ఆ తర్వాత అదే కంప్యూటర్లో, సెంటీమీటర్లలో ఉందనుకుని రాసిన పాస్‌పోర్టు ఫొటో స్క్రిప్టును నడిపారనుకోండి. 3.5, 4.5 అన్న అంకెల్ని అది పిక్సెళ్లుగా తీసుకుంటుంది. ఫొటో కాస్తా చుక్కంత అవుతుంది. ఒరిజినల్ మీదే సేవ్ చేసేలా రాసి ఉంటే ఇక అంతే సంగతులు!

మరి ఏం చేయాలి? ముందుగా పాత యూనిట్స్‌ని ఒక వేరియబుల్‌లో దాచండి. తర్వాత మార్చుకోండి. పని పూర్తయ్యాక పాతదాన్ని తిరిగి పెట్టండి. మధ్యలో ఎర్రర్ వస్తే చివరి లైను దాకా వెళ్లకపోవచ్చు. కాబట్టి అసలు పనిని ‘ట్రై’లోనూ, తిరిగి పెట్టే లైనును ‘ఫైనల్లీ’లోనూ రాయండి. ఏం జరిగినా కొలతలు యథాస్థానానికి వస్తాయి. కొత్త స్క్రిప్టును మాత్రం ఎప్పుడూ ఫొటోల కాపీల మీదే పరీక్షించండి.