మెట్టసీమ నుంచి సమాచార శాఖకు

మొన్న ఆదివారం నేనింకా కాఫీ పూర్తి చేయకముందే ఆత్మకూరు నుంచి మా చెల్లెలి అల్లుడు దిగాడు. మొహం కందగడ్డలా వుంది. వెనకాల వాళ్ళమ్మాయి. నాకు మనుమరాలి వరస.

"మామా, నువ్వన్నా దానికి బుద్ధి చెప్పు. అప్పు చేసి ఇంజనీరింగు చదివించినాను. బెంగుళూరులో ఉద్యోగమొచ్చింది. ఇప్పుడు నేను పోను, పత్రికలో చేరతానంటాది," అన్నాడు కుర్చీలో కూలబడి.

ఈ పంచాయతీ నా దగ్గరికే రావటానికి కారణముంది. ఉదయగిరిలో పుస్తకాల అంగడి పెట్టుకుని వున్న రోజుల్లో పదకొండేళ్ళు ఒక దినపత్రికకు విలేఖరిగా వుండి మానుకున్నవాణ్ణి నేను. మానుకున్నవాడు ఆ పని విషమని చెబుతాడని అల్లుడి ఆశ. పదకొండేళ్ళు చేసినవాడు తన పక్షాన నిలబడతాడని పిల్ల ఆశ.

"పత్రికలో కొన్నాళ్ళు చేసి, తరువాత రాజకీయాల మీద పరిశోధన చేస్తాను తాతా," అన్నది.

"మన మెట్ట నుంచి ఆ దారిన పొయ్యి బాగుపడినవాడు ఒక్కడుంటే చూపించు," అన్నాడు తండ్రి.

నాకు చటుక్కున ఒక సంగతి తట్టింది. పాఠకుల్లో ఎందరు గమనించారో తెలియదు. మా వైపు పక్కపక్కనే వున్న రెండు నియోజకవర్గాల నుంచి శాసనసభకు వెళ్ళినవారిద్దరు, ఢిల్లీలో సమాచార, ప్రసార శాఖ మంత్రులయ్యారు! 1955లో ఆత్మకూరు నుంచి గెలిచిన బెజవాడ గోపాలరెడ్డిగారు ఆ యేడే ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో నెహ్రూగారి మంత్రివర్గంలో సమాచార శాఖ చూశారు. చైనా యుద్ధం వచ్చిన యేడాది అది. దేశమంతా రేడియో ముందు కూర్చున్న రోజుల్లో ఆ రేడియో ఆయన శాఖ కింద వుండేది. 1963లో కామరాజ్ పథకం కింద పదవి వదిలిన కేంద్ర మంత్రుల్లో ఆయన ఒకరు. ఇక 1978లోనూ, 1983లోనూ ఉదయగిరి నుంచి గెలిచిన వెంకయ్య నాయుడుగారికి 2016లో అదే శాఖ దక్కింది. మరుసటి యేడాది ఉపరాష్ట్రపతి కూడా అయ్యారు.

అసలు చెప్పాలంటే ఇద్దరూ మావాళ్ళు కారు. ఒకరిది బుచ్చిరెడ్డిపాలెం, ఒకరిది చవటపాలెం. మేము ఓట్లు మాత్రం వేశాం.

అయితే ఇద్దరినీ పైకి తెచ్చినది మాటే. గోపాలరెడ్డిగారు శాంతినికేతనంలో చదువుకుని, వంగభాష నేర్చి, టాగూరు రచనలను తెలుగు చేశారు. ముప్ఫై యేళ్ళకే, 1937లో, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. అంత రాజకీయం చేస్తూ కూడా కలం కింద పెట్టలేదు. వెంకయ్య నాయుడుగారు నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చదివి, 1972 జై ఆంధ్ర ఉద్యమంలో వేదికలెక్కినవారు. ప్రాసలు దొర్లించుకుంటూ ఆయన మాట్లాడుతుంటే ఎదుటి పార్టీవాడు కూడా నవ్వి, ఆ తరువాత పోట్లాడేవాడు.

ఇదంతా నేను కొంత గొప్పగానే చెప్పాననుకోండి. పిల్ల సాంతం వినింది.

"వాళ్ళు వార్తల శాఖకు మంత్రులు తాతా. వార్తలు రాసినవాళ్ళు కారుగదా!" అన్నది.

నా నోట మాట లేదు. నిజమే. రాసినవాళ్ళను వెతకాలంటే వేరే వరస చూడాలి. మన జిల్లాకే చెందిన దంపూరు నరసయ్యగారు 1881లో మద్రాసులో 'పీపుల్స్ ఫ్రెండ్' అని ఇంగ్లీషు వారపత్రిక పెట్టి పదహారేళ్ళు లాగారు. ఆ తరువాత 1900 ప్రాంతాన పల్లెటూళ్ళ కోసమని తెలుగులో 'ఆంధ్రభాషా గ్రామవర్తమాని' నడిపారు. ఆయన పేరు చాలాకాలం మనకే గుర్తులేదు. కాళిదాసు పురుషోత్తంగారు పూనుకుని జీవితచరిత్ర రాయబట్టి మళ్ళీ వెలుగులోకి వచ్చింది. నెల్లూరులో పుట్టిన ఖాసా సుబ్బారావుగారు ప్రకాశం పంతులుగారి 'స్వరాజ్య'లో చేరారు. డబ్బు చాలక మూతపడ్డ పత్రిక అది. జైలుకూ వెళ్ళారు. 1946లో సొంతంగా 'స్వతంత్ర' పెట్టారు. పెద్ద పెద్దవాళ్ళను నిలదీశారు. పదవి లేదు, ఆస్తి లేదు.

"విన్నావా? ఆస్తి లేదంట," అన్నాడు అల్లుడు, తనకు దొరికిన ముక్కను ఒడిసిపట్టుకుని.

అప్పుడు పిల్ల అడిగింది. "నువ్వెందుకు మానేసినావు తాతా?"

ఇన్నేళ్ళుగా ఎవరడిగినా అంగడి చూసుకునే తీరిక లేకనని చెబుతూ వచ్చాను. ఆ రోజు ఎందుకో ఆ మాట నోటికి రాలేదు.

విలేఖరి అంటే జీతగాడు కాదు. అచ్చయిన వార్తను కొలిచి, ఇంతకింత అని నెలాఖరున లెక్కగట్టి పంపేవారు. ఆ డబ్బు కవర్లకూ టీలకూ సరిపోయేది. సాయంత్రం నెల్లూరు బస్సు డ్రైవరు చేతిలో కవరు పెట్టి, మర్నాడు పేపరు వచ్చేదాకా గుండె పట్టుకుని కూర్చోవటం. 1989లో 'ఈనాడు' జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టాక తక్కిన పత్రికలూ ఆ దారే పట్టాయి. పల్లెటూరి వార్తకు విలువ పెరిగింది. మా మెట్టలో వార్త అంటే నీళ్ళే. కొన్ని ఊళ్ళల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి పిల్లల పళ్ళు గోధుమరంగుకు తిరిగి వుండేవి.

అటువంటి ఒక ఊళ్ళో మంచినీళ్ళ బోరు వేసినట్టు కాగితాల్లో వుంది. ఊళ్ళో లేదు. నేను ఆరు మైళ్ళు సైకిలు తొక్కిపోయి చూసి వచ్చి నాలుగు ముక్కలు రాశాను. అచ్చయింది. మూడో రోజు ఒక పెద్దమనిషి అంగడికొచ్చి, కూర్చుని, సోడా తాగి, కోపమన్నది లేకుండా పిల్లల చదువుల గురించి అడిగి వెళ్ళాడు. ఆ సాయంత్రం పత్రిక ఆఫీసు నుంచి ఫోను: "సవరణ రాసి పంపండి."

రాశాను. ఆ ఊళ్ళో బోరు వున్నట్టు తెలియవచ్చిందని, నా చేత్తో నేనే రాశాను.

వారం తరువాత ఉదయగిరి సంతలో ఆ ఊరి ముసలమ్మ ఒకతె నా చెయ్యి పట్టుకున్నది. "ఏమయ్యా, మా వూళ్ళో బోరు వుండాదని పేపర్లో వేసినావంట గదా. యాడుండాదో చూపించు పోదాం రా, బిందె తెచ్చుకుంటా," అన్నది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. పేపర్లో వచ్చినదంటే వుండే వుంటుందని ఆమె నమ్మకం. ఆ నెల లెక్క డబ్బు వచ్చింది గాని, నేను మళ్ళీ కవరు పంపలేదు.

ఇది చెప్పి తల యెత్తేసరికి వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి వుంది. ఆమెకూ ఇప్పుడే తెలిసింది.

అల్లుడు కాసేపు గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు. కూతుర్ని ఈ పనిలోకి పంపవద్దనటానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అయినా గెలిచినట్టు లేడు. "ఆ సవరణ ఎవురన్నా రాయకుండా వుండగలరా మామా?" అని అడిగాడు చివరికి.

"వుండగలరు. నేను వుండలేకపొయ్యాను," అన్నాను.

పిల్ల అంతసేపూ ఒక్క మాట అనలేదు. నన్ను ఓదార్చనూ లేదు. అది నాకు నచ్చింది.

"ఆ వూరి పేరేంది తాతా?" అన్నది.

చెప్పాను.

"ఇప్పుడన్నా బోరు వేసినారా?"

"తెలియదమ్మా. మళ్ళీ ఆ దిక్కుకు పోలేదు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఆయన చొక్కా జేబులోంచి బెంగుళూరు టిక్కెట్టు తీసి, తేదీ చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఇంకా నాలుగు రోజులుండాదిలే," అన్నాడు. "ఉదయగిరి బస్సు ఎన్ని గంటలకు మామా?"

మా ఆవిడ, పోతే పోదురుగాని ముందు ఇడ్లీ తినమన్నది. నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను.